గోడ మీద బొమ్మ సరే, తీసిందెవరు?

మా హాల్లో సోఫా వెనకాల గోడ రెండేళ్ళ నుంచీ బోసిగా ఉంది. జెర్సీ సిటీలో అద్దె అపార్ట్‌మెంటు, నాలుగు వైపులా తెల్ల గోడలు. ఆఫీసు కాల్స్‌లో నా వెనకాల కనపడేది ఆ గోడే. టీమ్‌లో ఒకాయన "ఇంకా ఇల్లు సర్దుకోలేదా?" అని మూడోసారి అడిగేసరికి, ఇక లాభం లేదు, ఏదో ఒకటి తగిలించాల్సిందే అని తీర్మానించుకున్నా. మా ఆవిడ చార్మినార్ పెయింటింగ్ పెడదామంది. నేను పాత ఫ్యాషన్ షో ఫొటో పెడదామన్నా. ఆ తర్వాత ఒక పది సెకన్లు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

నాకు బట్టల గురించి తెలిసింది సున్నా అని ముందే ఒప్పేసుకుంటున్నా. నా బీరువాలో ఉన్నవాటిలో సగం కంపెనీలు ఊరికే ఇచ్చిన టీషర్టులు. కానీ ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఒక సీనియర్ నాకొక వీడియో చూపించాడు. 1998 సెప్టెంబరులో లండన్‌లో అలెగ్జాండర్ మెక్వీన్ చేసిన షో. ఆ కలెక్షన్ పేరు నంబర్ 13. చివర్లో షాలోమ్ హార్లో అనే మోడల్ తెల్ల గౌను వేసుకుని, తిరుగుతున్న ఒక గుండ్రటి చెక్క మీద నిలబడి ఉంటుంది. అటొకటి ఇటొకటి, కార్లకి రంగులేసే ఫ్యాక్టరీ రోబోలు. ముందు అవి మెల్లగా మెడ తిప్పి ఆమెని పరీక్షగా చూస్తాయి (చూడవనుకోండి, మనకలా అనిపిస్తుంది). ఆ తర్వాత నల్ల రంగు, పసుపు రంగు గౌను మీద చిమ్మడం మొదలుపెడతాయి. ఆమె చేతులు అడ్డం పెట్టుకుంటూ తిరుగుతుంటుంది. రోబో చేతికి ఒక చోటు నుంచి ఇంకో చోటుకి దారి రాయడమే మాకు ఆ సెమిస్టరంతా పట్టింది. వీళ్ళు బతికున్న మనిషి చుట్టూ, జనం ముందు, రీటేక్ లేకుండా నడిపించారు. ఫ్యాషన్ అంటే నాకున్న చిన్నచూపు ఆ రోజుతో పోయింది.

అప్పట్నుంచీ అలాంటి పాత షోల ఫొటోలు కనపడితే ఆగి చూడ్డం అలవాటైంది. వెతుకుతూ పోతే ఇదొక పెద్ద బజారే అని తెలిసింది. 1970ల, 80ల, 90ల రాంప్ ఫొటోలకి చక్కగా ఫ్రేము కట్టి, వింటేజ్ అని, లిమిటెడ్ ఎడిషన్ అని, కలెక్టబుల్ అని పేర్లు పెట్టి అమ్ముతున్నారు. ఎక్కువగా కనపడేది మిలాన్‌లో 1991 మార్చిలో జరిగిన వెర్సాచె షో ఆఖరి ఘట్టం. లిండా ఎవాంజెలిస్టా, సిండీ క్రాఫోర్డ్, నవోమీ క్యాంప్‌బెల్, క్రిస్టీ టర్లింగ్టన్ నలుగురూ చేతులు కలుపుకుని జార్జ్ మైకేల్ పాటకి పెదాలు కదుపుతూ నడిచొస్తారే, అది. సూపర్‌మోడల్ అన్న మాట వినగానే చాలామంది కళ్ళ ముందు మెదిలే బొమ్మ అదే.

నేను కూడా దానికే పడిపోయా. 280 డాలర్లు. "ఒరిజినల్ వింటేజ్ 1991" అని రాసుంది. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ అనవసరం. పార్సెల్ వచ్చింది, నల్ల ఫ్రేము, లోపల చుట్టూ తెల్ల అట్ట, చూడ్డానికి దర్జాగా ఉంది. మురిసిపోయి ఫొటో తీసి తెనాల్లో మా మావయ్యకి వాట్సాప్‌లో పంపించా.

మా మావయ్య గురించి చెప్పాలి. తెనాల్లో ముప్ఫయ్యేళ్ళు ఫొటో స్టూడియో నడిపాడు. డిజిటల్ వచ్చాక మొదట ల్యాబు మూతపడింది, తర్వాత స్టూడియో. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపుంది. చిన్నప్పుడు సెలవలకి వెళ్తే డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద, ట్రేలో తెల్లకాగితం మీద మొహాలు తేలడం చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆయన వీడియో కాల్ చేసి మొదట అడిగిన మాట, బాగుందనీ కాదు, ఎంతైందనీ కాదు. "ఒరేయ్, భూతద్దం ఉందా ఇంట్లో?"

లేదు. ఫోన్‌కి తగిలించే బుల్లి లెన్స్ ఉంటే అది పెట్టి చూపించా. నవోమీ క్యాంప్‌బెల్ బుగ్గ మీద నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు. ముగ్గులో చుక్కల్లా వరసలు కట్టి, అక్కడక్కడా చిన్న చిన్న పువ్వుల్లా కనపడుతున్నాయి.

"ఇది ఫొటో కాదురా, అచ్చు. పుస్తకంలోంచి చింపిన కాగితం. వెనకాల విప్పి చూడు."

విప్పా. ఫ్రేము వెనకాల అతికించిన గోధుమరంగు కాగితం చింపితే... ఒక సెంటు సీసా ప్రకటన! నేను 280 డాలర్లు పోసి కొన్నది పాత పత్రికలో ఒక పేజీ. అమ్మినవాళ్ళకి మెయిలు రాశా. "అది నిజంగా 1991లో అచ్చయిందే కదా, మేం వింటేజ్ అన్నాం కానీ ఫొటో ప్రింట్ అనలేదు" అని జవాబొచ్చింది. ప్రకటన మళ్ళీ చదివా. నిజమే, ప్రింట్ అన్న మాట ఎక్కడా లేదు. స్పెసిఫికేషన్ సరిగ్గా చదవకుండా కోడ్ రాస్తే ఏమవుతుందో మనకి కొత్తా :)

ఆ చిరాకులో మూడు నెలలు దీని మీదే పడ్డా. నాకు అర్థమైందేమిటంటే, పాత రాంప్ ఫొటోల్లో, ముఖ్యంగా రంగుల్లో ఉన్నవాటిలో, "అప్పటి ప్రింట్" అనేది చాలావరకు ఉండదు. నన్ను ఎవరో మోసం చేశారన్న దానికన్నా ఇది పెద్ద సంగతి.

ఎందుకుండదో చెప్తా. ఫొటోల వ్యాపారంలో వింటేజ్ ప్రింట్ అంటే పాత ఫొటో అని కాదు అర్థం. తీసిన కొద్ది కాలంలోనే, మహా అయితే నాలుగైదేళ్ళ లోపల, ఫొటోగ్రాఫర్ తనే వేసినదో దగ్గరుండి వేయించినదో. అదే నెగెటివ్ నుంచి ముప్ఫయ్యేళ్ళ తర్వాత వేస్తే అది లేటర్ ప్రింట్. ఆయన పోయాక వారసులు వేయిస్తే ఎస్టేట్ ప్రింట్. బొమ్మ ఒకటే, ధరలో మాత్రం హస్తిమశకాంతరం. ఇక 80ల్లో, 90ల్లో రాంప్ ముందు నిలబడ్డవాళ్ళు రంగుల్లో తీసింది ఎక్కువగా స్లైడ్ ఫిల్మ్ మీద. షో అవగానే ల్యాబుకి పరుగు, రాత్రికి రాత్రి కడిగించడం, లైట్ బాక్స్ మీద పరిచి ఏరడం, కవర్లో పెట్టి పత్రికకి పంపడం. పత్రికవాడు స్లైడ్ నుంచి నేరుగా అచ్చుకి తయారుచేసుకుంటాడు. ఇందులో ప్రింట్ వేయాల్సిన అవసరం ఎక్కడుంది? గోడకి తగిలించుకుంటారని అప్పుడెవరికీ తోచలేదు. అది రేపటి పేపర్లో వార్త, ఎల్లుండికి పొట్లం. కాబట్టి నలభై అంగుళాల నిగనిగలాడే రంగుల బొమ్మ చూపించి "1991 నాటి వింటేజ్" అంటే, నూటికి తొంభై పాళ్ళు అది ఈమధ్య స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో కొట్టింది. ఇంక్‌జెట్ తప్పని కాదు. మంచి కాగితం, మంచి పిగ్మెంట్ ఇంకు అయితే పాత కలర్ ప్రింట్ల కన్నా అదే ఎక్కువ కాలం మన్నుతుంది. పేరు మాత్రం సరిగ్గా చెప్పి అమ్మాలి.

రంగు మన్నడం గురించి మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇంట్లో పెళ్ళి ఆల్బమ్‌లు తీయండి. తాతయ్యా అమ్మమ్మల నలుపు తెలుపు ఫొటో ఇప్పటికీ బొట్టుతో సహా స్పష్టంగా ఉంటుంది. అమ్మానాన్నల పెళ్ళి ఆల్బమ్ ఎర్రబారి, అందరూ జ్వరం తగిలినట్టుంటారు. మొదటిది వెండి, రెండోది రంగు అద్దకం. వెండి రేణువు అంత తొందరగా ఎక్కడికీ పోదు. అద్దకం వెలుతురికీ, వేడికీ విరుగుతుంది, అదీ ఒక్కో రంగు ఒక్కో వేగంతో. హెన్రీ విల్హెల్మ్ అనే ఆయన ఏ కంపెనీ కాగితం ఎన్నేళ్ళు నిలుస్తుందో పరీక్షలు చేసి 1993లో ఒక లావుపాటి పుస్తకమే వేశాడు. రంగుల ఫొటో కొని కిటికీకి ఎదురుగా తగిలించడమంటే పచ్చడి జాడీకి మూత పెట్టకుండా ఎండలో వదిలేయడమే.

సరే, ఇదంతా వస్తువు గురించి. మనిషి సంగతికొస్తా.

ఆ ప్రకటనలన్నీ వరసపెట్టి చదువుతుంటే ఒకటి గమనించా. డిజైనర్ పేరుంటుంది. మోడల్ పేరుంటుంది. ఊరు, ఏడాది, ఫ్రేము ఏ కర్రో కూడా ఉంటుంది. ఫొటో తీసింది ఎవరో ఉండదు. మన దగ్గర ఏ పనికిమాలిన లైన్ ఎవరు రాశారో కూడా గిట్ బ్లేమ్ కొడితే తెలుస్తుంది. ఇక్కడ మొత్తం ఫైలుకే రాసినవాడు లేడు.

రాంప్ ఫొటోగ్రాఫర్ పని ఎలాంటిదో మా మావయ్యకి చెప్తే ఆయనకి వెంటనే అర్థమైంది, ఎందుకంటే అది అచ్చంగా పెళ్ళి ఫొటోగ్రాఫర్ పనే. రాంప్ చివర మెట్లు మెట్లుగా ఒక దిమ్మె. దాని మీద ఎవరి చోటు వాళ్ళు టేపు అతికించి, పేరు రాసి ముందే పట్టుకోవాలి. ఎత్తు చాలకపోతే మడత నిచ్చెనో, కెమెరాల అల్యూమినియం పెట్టో ఎక్కి నిలబడాలి. గంటలకొద్దీ ఎదురుచూపులు, షో మాత్రం పదిహేను నిమిషాలు. ముందు వరసలో కూర్చున్న ఘనమైనవాళ్ళ కాళ్ళు అడ్డొస్తుంటే, కాళ్ళు దించండమ్మా అని వెనక నుంచి అందరూ కలిసి అరుస్తారు. ఒక్కో డ్రెస్ ఎదురుగా ఉండేది కొన్ని సెకన్లే. రోల్‌కి ముప్ఫయ్యారు ఫొటోలు. సరిగ్గా అసలైన డ్రెస్ వచ్చేటప్పుడే రోల్ అయిపోతే ఇక అంతే. తాళి కట్టేటప్పుడు వీడియో ఆయన అడ్డం నిలబడితే ఫొటో ఆయన పడే అవస్థ మనందరం చూసిందే కదా. "బాబూ, మళ్ళీ ఒకసారి కట్టు" అనడానికి లేదు. (అన్నవాళ్ళూ ఉన్నారని మావయ్య ఉవాచ.)

ఈ పని అరవయ్యేళ్ళు చేసినాయన ఒకరున్నారు. క్రిస్ మూర్, ఇంగ్లండ్‌వాడు, 1934లో పుట్టాడు. 1950ల్లో లండన్ వోగ్ స్టూడియోలో సహాయకుడిగా మొదలుపెట్టి, తర్వాత దశాబ్దాలపాటు రాంప్ చివర నిలబడ్డాడు. నేను మొదట చెప్పిన రోబోల షోనీ తీశాడు. ఆయన ఫొటోలతో 'క్యాట్‌వాకింగ్' అనే పుస్తకం ఎప్పుడొచ్చిందనుకున్నారు? 2017లో. మ్యూజియంలో పెద్ద ప్రదర్శన? 2018లో, ఇంగ్లండ్‌లో బోస్ మ్యూజియంలో. అంటే ఎనభై దాటాక. అదే స్టూడియోలో మోడల్‌ని నిలబెట్టి, లైట్లు సర్ది తీసినవాళ్ళు, అర్వింగ్ పెన్, రిచర్డ్ ఏవిడన్ లాంటివాళ్ళు, ఎప్పుడో కళాకారులైపోయారు. రాంప్ ముందు నిలబడ్డవాడు "ప్రెస్"గానే ఉండిపోయాడు. పెన్, ఏవిడన్ గొప్పవాళ్ళు కాదని నేనెందుకంటాను? వాళ్ళు వెలుతురుని శాసించారు. వీళ్ళు ఎదురైన వెలుతుర్లోనే, ఎదురైన క్షణంలోనే, పక్కవాడి మోచేయి పొట్టలో దిగుతుండగా పట్టారు. అదేం తక్కువ పనని?

రాంప్ ఫొటో గోడకెక్కడానికి నాకు కనపడే అర్హత కూడా ఆ తొందరే. స్టూడియో ఫొటోలో బట్ట డిజైనర్ చెప్పినట్టు వింటుంది. రాంప్ మీద బట్ట కదులుతుంది, మడత తప్పుతుంది, చెప్పు జారుతుంది, వెనక ఎవరో ఆవలిస్తుంటారు. జరిగింది జరిగినట్టు ఉంటుంది.

పాత ఫొటోలన్నీ అలాంటివేనా అంటే కాదు, ఇక్కడో తిరకాసుంది. పారిస్ పెద్ద ఫ్యాషన్ ఇళ్ళు చాలాకాలం షోల్లోకి కెమెరాలనే రానివ్వలేదు. కాపీ కొడతారని భయం. బొమ్మ గీసుకుంటున్నా బయటికి పంపేవారు. ఫొటోలు విడిగా, వాళ్ళు చెప్పినప్పుడు తీసి, వాళ్ళు చెప్పిన తేదీ తర్వాతే వేయాలి. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ మొదటి షో జరిగింది. దానికే న్యూ లుక్ అని పేరొచ్చింది. సన్నటి నడుము, తెల్ల కోటు, పెద్ద టోపీ, సెన్ నది ఒడ్డున నిలబడ్డ అమ్మాయి... ఆ ఫొటో మీరు ఏదో ఒక కాఫీ హోటల్ గోడ మీద చూసే ఉంటారు. "1947" అని రాసి అమ్ముతుంటారు. బట్టలు 1947 నాటివే. ఫొటో మాత్రం విల్లీ మేవాల్డ్ 1950ల్లో తీసింది. అది షో కాదు, తర్వాత వేయించి తీసిన దృశ్యం.

మాటవరసకి ఇంకోటి, మనవాళ్ళకి నచ్చే కథ. 1973 నవంబరు 28న పారిస్ పక్కన వెర్సయ్ కోటలో, ఆ కోట మరమ్మతులకి డబ్బు పోగుచేయడానికని, అయిదుగురు ఫ్రెంచ్ డిజైనర్లు, అయిదుగురు అమెరికన్ డిజైనర్లు కలిసి షో చేశారు. అమెరికన్లు వెనక తెర తయారు చేయించుకుని తీసుకెళ్ళారు. తీరా కడితే పొట్టిగా ఉంది. అక్కడివాళ్ళ కొలతలు మీటర్లలో, వీళ్ళ లెక్క అడుగుల్లో! 1999లో అంగారకుడి దగ్గర నాసా నౌక పోయింది కూడా ఇలాంటి యూనిట్ల గొడవతోనే కదా. ఆ తెర పక్కన పడేసి దాదాపు ఖాళీ స్టేజీ మీదే నడిచారు. ఫ్రెంచివాళ్ళ భారీ సెట్టింగుల పక్కన ఆ ఖాళీయే గెలిచింది. ప్యాట్ క్లీవ్‌లాండ్, బిలీ బ్లేర్ లాంటి నల్లజాతి మోడళ్ళు పదిమంది దాకా ఒకేసారి అంత పెద్ద వేదిక మీద నడవడం అప్పటికి పెద్ద విశేషం. ఆ రాత్రి ఫొటోలు చూస్తే ఆ ఖాళీ స్టేజీ వెనక అడుగులూ మీటర్లూ ఉన్నాయని తెలియదు. తెలిశాక చూస్తే వేరేగా కనపడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ ఫొటో ఎవరిది?

నేను తడుముకోకుండా తీసినవాడిదే అనేవాణ్ణి. ఫ్రాన్స్‌లో అలా కుదరదు. అక్కడి చట్టం దృష్టిలో బట్టల డిజైన్, షో కూడా కాపీరైట్ ఉన్న రచనలే. 2003 మార్చిలో పారిస్ షోలకి పిలుపుతోనే వెళ్ళిన ముగ్గురు ఫొటోగ్రాఫర్లు, తీసిన ఫొటోల్ని ఫ్యాషన్ సంస్థల అనుమతి లేకుండా వెబ్‌సైట్‌లో పెట్టారని కేసు పడింది. కింది కోర్టు వదిలేసింది కానీ పై కోర్టు 2007లో తప్పేనంది. మూడు వేల నుంచి ఎనిమిది వేల యూరోల దాకా జరిమానా, నష్టపరిహారాలు అన్నీ కలిపి 2,55,000 యూరోలు. వాక్స్వాతంత్ర్యం అని స్ట్రాస్‌బర్గ్‌లో యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళారు. 2013 జనవరిలో అక్కడా ఓడిపోయారు. అదే అమెరికాలో అయితే బట్ట కత్తిరింపుకి కాపీరైట్ రక్షణ దాదాపు లేదు, తీసినవాడి పక్షమే బలం.

ఈ కథ మావయ్యకి చెప్పి, "నీ నెగెటివ్‌లన్నీ నీవే కదా, ఎవరికైనా ఇచ్చావా?" అన్నా. "ఇవ్వడమేంట్రా, కాపీలు కావాలంటే మన దగ్గరికే రావాలి" అన్నాడు గర్వంగా. ఆ తర్వాత మన 1957 కాపీరైట్ చట్టం తీసి చూశా. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాడే! పదిహేడో సెక్షన్. ముప్ఫయ్యేళ్ళు ఆయన బీరువాలో దాచుకున్న పెళ్ళిళ్ళ మీద కాపీరైట్ ఆయనది కాదు. ఆయనకి ఈ మాట ఇంకా చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

నా లెక్క ఇది. షో చేసింది డిజైనరు, నడిచింది మోడలు, ఒప్పుకుంటా. వాళ్ళిద్దరికీ ఆ రోజే పేరొచ్చింది, డబ్బూ వచ్చింది. మూడోవాడికి ఆ రోజు కూలి మాత్రమే వచ్చింది. ఇప్పుడు అది వార్త కాదు, గోడ మీద బొమ్మ. పాతికేళ్ళ తర్వాత మనం వందల డాలర్లు పెడుతున్నది ఏ క్షణంలో షటర్ నొక్కాలో తెలిసిన ఆ వేలికి. ఆ వేలి పేరు చెప్పలేనివాడి దగ్గర కొనకూడదని నేను పెట్టుకున్నా. ఆర్కైవ్‌ల నుంచి వచ్చినా సరే, పేరుంటే ఆయనకో, ఆయన కుటుంబానికో వాటా అందే దారి కాస్తైనా ఉంటుంది. పేరే లేకపోతే ఎవరికీ అందదని గ్యారంటీ.

ఇక "ఇది ఇన్వెస్ట్‌మెంటా?" అన్న ప్రశ్న. మనం ఐటీవాళ్ళం, స్థలమైనా బంగారమైనా బొమ్మైనా ముందు రిటర్న్ ఎంత అంటాం. మా ఫ్రెండ్ ఒకడు "లిమిటెడ్ ఎడిషన్ కదా గురూ, పెరుగుతుంది" అన్నాడు. ఇరవై అయిదే వేస్తాం అన్నవాడు వేరే సైజులో ఇంకో ఇరవై అయిదు వేసుకోవచ్చు. స్కాన్ ఫైలుకి లిమిట్ ఎక్కడిది? నెగెటివ్ నుంచి చేత్తో వేసే రోజుల్లో ఒక్కో ప్రింటూ ఒక్కో పని. ఇప్పుడది నంబరు రాసిన కాగితం. నచ్చితే కొనండి, పెరుగుతుందని మాత్రం కొనకండి. మన్‌హాటన్‌లో పార్క్ ఎవెన్యూ ఆర్మరీలో ఫొటో డీలర్ల సంత ఒకటి జరిగితే వెళ్ళా. అక్కడ ఒక పెద్దాయనతో గంటసేపు మాట్లాడా. ప్రింట్ చేతిలో పెట్టి ముందు వెనక్కి తిప్పి చూపించాడు. ముద్రలు, తేదీలు, పెన్సిల్ రాతలు. ధర మాత్రం నా కారు కన్నా ఎక్కువ. మర్యాదగా వెనక్కిచ్చేసి, టీ తాగి వచ్చేశా.

మా ఆవిడ అభ్యంతరం వేరు. "ముక్కూ మొహం తెలియని అమ్మాయిని మన హాల్లో ఎందుకు తగిలించాలి? ఆమెని అడిగారా ఎవరైనా?" నా దగ్గర దీనికి గట్టి జవాబు లేదు. రాంప్ మీద నడిచినందుకు ఆమెకి జీతం ఇచ్చారు, నిజమే. మా సోఫా వెనకాల పాతికేళ్ళు వేలాడినందుకు ఇవ్వలేదు. నేను "చార్మినార్‌ని మాత్రం ఎవరడిగారు" అన్నా. ఆ జోకు పేలలేదు. మా అమ్మ సంగతి సరేసరి, వీడియో కాల్‌లో ఫ్రేము కనపడగానే "ఎవర్రా ఆ పిల్ల?" అంది. పత్రిక పేజీ ఆ రోజే బీరువా వెనక్కి వెళ్ళిపోయింది.

చివరికి మొన్న ఒకటి కొన్నా. పాత అమెరికన్ వార్తాపత్రికలు మూతపడ్డప్పుడు, డిజిటల్‌కి మారినప్పుడు, గోడౌన్లలో ఉన్న ఫొటోలు కట్టలు కట్టలుగా అమ్ముడుపోయాయి. ఎనిమిది బై పది అంగుళాల నలుపు తెలుపు ప్రింట్లు, అప్పట్లో వేసినవే, నిజమైన వెండి. అలాంటిదొకటి, 34 డాలర్లు. పారిస్, 1970ల మధ్యలో ఏదో రెడీమేడ్ బట్టల షో. పొడుగాటి కోటు వేసుకున్న మోడల్ నడుస్తూ కొంచెం పక్కకి చూస్తోంది. బొమ్మ మీద ఎడిటర్ మైనపు పెన్సిల్‌తో ఎక్కడిదాకా కత్తిరించాలో గీసిన గీత ఇంకా ఉంది. ఆ గీతకి అవతల, పేపర్లో రాకుండా పోయిన మూలలో, రాంప్ పక్కన నేల మీద ఇంకో ఫొటోగ్రాఫర్ మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా పైకెత్తి ఉన్నాడు. మెడలో ఇంకో కెమెరా, నోట్లో పళ్ళ మధ్య ఫిల్మ్ డబ్బా మూత. నేను కొన్నది వాడి కోసమే.

వెనక్కి తిప్పితే ఏజెన్సీ ముద్ర, తేదీ, అతికించిన టైపు కాగితం. ఫొటోగ్రాఫర్ పేరు ఉండాల్సిన చోట తడి తగిలి ఇంకు పోయింది. ఒక పొడి అక్షరం, దాని పక్కన మరక. ఇందాక పెట్టుకున్న నియమం నేనే తప్పాను, ఏం చేయను. ఆ ఏజెన్సీ పాత జాబితాలు ఎక్కడున్నాయో వెతుకుతున్నా, ఆ అక్షరంతో మొదలయ్యేవాళ్ళు ఇద్దరు తేలారు.

కిటికీకి ఎదురు గోడ కాకుండా, ఎండ పడని నడవలో మేకు కొట్టా. ఆఫీసు కాల్స్‌లో నా వెనకాల ఇంకా తెల్ల గోడే. మావయ్యకి ముందూ వెనకా రెండూ ఫొటో తీసి పంపా. మోడల్ గురించి ఒక్క మాట అడగలేదు. రాత్రి రెండింటికి మెసేజ్ వచ్చింది, అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ: "ఆ మూల కూర్చున్నాయన చేతిలోది నైకాన్ ఎఫ్ లాగుంది, కాస్త దగ్గరగా తీసి పంపు."

లేచి, లైటేసి, ఇంకో ఫొటో తీశా.